బెంగళూరు పీజీలో కీప్యాడ్ ఫోన్: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఇన్‌స్టా, స్నాప్‌చాట్, యూట్యూబ్ షార్ట్స్ తగ్గించుకోవాలనుకునే కాలేజీ పిల్లల ముందు మూడు దారులున్నాయి. ఫోన్‌లో ఉన్న టైమర్లు పెట్టుకోవడం, అకౌంట్ డీయాక్టివేట్ చేయడం, స్మార్ట్‌ఫోన్ పక్కనపెట్టి కీప్యాడ్ ఫోన్ పట్టుకోవడం. మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ, యలహంక పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో) ఉండి చదువుకునే మన తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఈ మూడింటినీ చూశాం. తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక్క టైమర్‌నే నమ్ముకుంటే ఎక్కువ రోజులు నిలవదు. కీప్యాడ్ ఫోన్ నిలుస్తుంది, అయితే ఆ స్మార్ట్‌ఫోన్ మీదే నడుస్తున్న మిగతా పనులకు ముందుగా వేరే చోటు చూపించాలి. క్లాస్ గ్రూపు, డబ్బు చెల్లింపు, ఓటీపీ, అమ్మానాన్నలతో వీడియో కాల్: ఈ నాలుగూ తేలకుండా కొన్న కీప్యాడ్ ఫోన్ త్వరలోనే అలమార పాలవుతుంది. ల్యాబ్ ఎగ్జామ్ తేదీ మారిందన్న సంగతి తెలియక ఒకసారి ఇబ్బంది పడితే చాలు, స్మార్ట్‌ఫోన్ మళ్ళీ చేతిలోకి వస్తుంది. దానితోపాటే రీల్స్ కూడా.

ముందు పైసా ఖర్చు లేని వాటి సంగతి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, రెండూ 2018 నుంచి ఉన్నాయి. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి డాష్‌బోర్డులోకి వెళ్తే ఏ యాప్ మీద ఎంతసేపు గడిచిందో, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో, యాప్ ఎన్నిసార్లు తెరిచారో కనిపిస్తుంది. అందరూ గంటల లెక్క చూసి కంగారుపడతారు. చూడాల్సింది ఎన్నిసార్లు తెరిచారన్న అంకె. అవసరం ఉండి తెరిచినది ఎంత, చెయ్యి అలవాటుగా తెరిచినది ఎంత అన్నది అక్కడే బయటపడుతుంది.

యాప్ టైమర్‌లో రెండు పెద్ద లోపాలున్నాయి. టైమ్ అయిపోయాక ఐకాన్ బూడిద రంగులోకి మారి, యాప్ తెరుచుకోదు. కానీ టైమర్ పెట్టినవాళ్ళే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్షణంలో దాన్ని తీసేయొచ్చు, ఏ పాస్‌వర్డూ అడగదు. రెండోది ఇంకా నష్టం. టైమర్ లెక్క అర్ధరాత్రి 12కి మళ్ళీ మొదలవుతుంది. రాత్రి పదిన్నరకి కోటా అయిపోయిన పిల్లాడు 12 దాకా మేలుకుని ఉంటే కొత్త కోటా చేతికొస్తుంది. హాస్టల్లో పన్నెండింటికి పడుకునేవాళ్ళే తక్కువ గనుక, నిద్రను కాపాడాల్సిన పరికరం సరిగ్గా నిద్రవేళకే తలుపు తెరుస్తోంది. అందుకే టైమర్ బదులు, ఎంచుకున్న యాప్‌లను ఆపి ఉంచే ఫోకస్ మోడ్ వాడండి, అదీ డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉంటుంది. ఇన్‌స్టా, స్నాప్‌చాట్, యూట్యూబ్, వాటితోపాటు క్రోమ్ కూడా ఎంచుకుని, రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా షెడ్యూల్ పెట్టండి. క్రోమ్ ఎందుకంటే, యాప్ మూసుకుపోయినప్పుడు చాలామంది బ్రౌజర్‌లోంచి అదే ఇన్‌స్టాలోకి వెళ్తారు. బెడ్‌టైమ్ మోడ్ యాప్‌లను ఆపదు, స్క్రీన్‌ను నలుపు తెలుపు చేసి నోటిఫికేషన్లు ఆపుతుందంతే. రీల్స్ రంగు పోతే లాగడం తగ్గుతుంది కాబట్టి అదీ పెట్టుకోండి, దానిమీదే ఆధారపడకండి.

ఐఫోన్ ఉన్నవాళ్ళకు ఇంకాస్త గట్టి తాళం దొరుకుతుంది. స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ పెట్టే వీలుంది. ఆ నాలుగంకెలు రూమ్మేట్ చేత కొట్టించండి. అది పెట్టేటప్పుడు మధ్యలో, రేపు మర్చిపోతే తిరిగి పొందడానికని ఆపిల్ అకౌంట్ వివరాలు అడుగుతుంది. అక్కడ ఇవ్వకుండా దాటేయాలి, లేకపోతే ఫోన్ సొంతదారే దాన్ని మార్చేసుకోగలరు. యాప్ లిమిట్ పెట్టేటప్పుడు, టైమ్ అయ్యాక బ్లాక్ చేయమనే మీట కూడా ఆన్ చేయాలి. అది ఆన్ చేయకపోతే ‘ఇంకో 15 నిమిషాలు’, ‘ఈ రోజుకి వదిలేయ్’ అన్న ఎంపికలు వస్తూనే ఉంటాయి, లిమిట్ పెట్టీ పెట్టనట్టే.

ఉచితంగా దొరికేవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసేది యూట్యూబ్ హిస్టరీ ఆపేయడం. దీన్ని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. 2023 ఆగస్టు నుంచి, వాచ్ హిస్టరీ ఆఫ్ చేసి పాత హిస్టరీ మొత్తం తుడిచేస్తే యూట్యూబ్ హోమ్ పేజీ ఖాళీగా వస్తోంది. వెతుకుడు పెట్టె తప్ప ఏమీ ఉండదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటీఈఎల్ క్లాసు కావాలంటే పేరు కొట్టి వెతుక్కోవచ్చు, సబ్‌స్క్రైబ్ చేసుకున్న ఛానెళ్ళు వాటి చోట అవి ఉంటాయి, కానీ హోమ్ పేజీలో ‘ఇది కూడా చూడు’ అని ఎదురుగా పరిచేవాడు ఉండడు. చదువు కోసం యూట్యూబ్ తప్పనివాళ్ళందరూ ఈ ఒక్క పనైనా చేయాలని మా మాట.

అకౌంట్ డీయాక్టివేట్ చేయడంలో ఒక మెలిక ఉంది. ఇన్‌స్టాలో అకౌంట్స్ సెంటర్, పర్సనల్ డీటెయిల్స్, అకౌంట్ ఓనర్‌షిప్ అండ్ కంట్రోల్ దాకా వెళ్తే డీయాక్టివేషన్, డిలీషన్ కనిపిస్తాయి. డీయాక్టివేట్ చేసిన అకౌంట్ లాగిన్ అయితే చాలు, తిరిగి ప్రాణం పోసుకుంటుంది. మళ్ళీ ఆపాలంటే వారానికి ఒక్కసారే కుదురుతుంది. అంటే సోమవారం ఆపి, బుధవారం ఒక్క ఫొటో చూద్దామని తెరిస్తే మిగతా వారమంతా లోపలే. డిలీట్ చేస్తే 30 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు లాగిన్ అయితే రద్దవుతుంది. డిలీట్ చేసేవాళ్ళు ముందుగా డేటా డౌన్‌లోడ్ అడిగి ఫొటోలు తెచ్చుకోవాలి. ఆ ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాగిన్‌తోనే తెరిచిన వేరే యాప్‌లు ఏవైనా ఉంటే వాటికి ఈమెయిల్ లాగిన్ పెట్టుకోవాలి. కొందరు ఇది మర్చిపోయి అక్కడ ఇరుక్కుంటారు.

ఇక కీప్యాడ్ ఫోన్. కొనేముందు మొట్టమొదట చూసుకోవాల్సింది అది 2జీనా 4జీనా అన్నది. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, కాబట్టి నోకియా 105 లాంటి 2జీ సెట్‌లో జియో సిమ్ వేస్తే సిగ్నల్ రాదు. ఎయిర్‌టెల్ సిమ్ అయితే నడుస్తుంది. జియో భారత్ సెట్లు 2023లో 999 రూపాయలకు వచ్చాయి, అవి జియో సిమ్ తప్ప వేరేది తీసుకోవు. 4జీ కావాలనుకుంటే ఇంకో జాగ్రత్త అవసరం. 2024లో హెచ్ఎండీ కంపెనీ తెచ్చిన 105 4జీ, 110 4జీ సెట్లలో క్లౌడ్ ఫోన్ అనే యాప్ ఉంది, దాంట్లో యూట్యూబ్ షార్ట్స్ ఆడతాయి. షార్ట్స్ వదిలించుకుందామని కొన్న ఫోన్‌లో షార్ట్స్ ఉంటే కొన్నందుకు ఫలితం ఏముంది? జియో భారత్‌లోనూ సినిమాలు, టీవీ చూసే యాప్‌లున్నాయి. తెర చిన్నది కదా, చూడబుద్ధి కాదులే అనుకోవద్దు. అలవాటు బలంగా ఉన్నవాళ్ళు రెండంగుళాల తెర మీదైనా చూస్తారు. జియో సిమ్ తప్పనిసరి కానివాళ్ళకు మా ఓటు మామూలు 2జీ సెట్‌కే. 1,000 నుంచి 1,300 రూపాయల మధ్య దొరుకుతుంది. బెంగళూరులో ఎస్పీ రోడ్డులోనో మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లోనో కొనేవాళ్ళు సీల్ విప్పని పెట్టె అడగండి, బిల్లు రాయించుకోండి. వారంటీకి ఆ బిల్లే ఆధారం. ఛార్జింగ్ పిన్ను కూడా చూసుకోండి. చాలా సెట్లు ఇంకా పాత మైక్రో యూఎస్‌బీ మీదే ఉన్నాయి, రూములో అందరి టైప్ సీ కేబుళ్ళూ వాటికి పట్టవు.

రోజువారీ వాడకంలో వచ్చే ఇబ్బందులు చిన్నవే, తెలిసుంటే చాలు. గూగుల్‌లో ఉన్న కాంటాక్టులు ఈ సెట్‌లోకి వాటంతట అవి రావు, ముఖ్యమైన పాతిక ముప్పై నంబర్లు కూర్చుని ఎక్కించుకోవాలి. మెసేజ్ మెమరీ నిండితే కొత్త ఎస్ఎంఎస్ లోపలికి రాదు, బ్యాంకుల ప్రకటనలు వచ్చి పడుతుంటాయి గనుక వారానికోసారి తుడవాలి. మెసేజ్ ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే 160 అక్షరాల దాకా ఒక ఎస్ఎంఎస్ కింద లెక్క, తెలుగు లిపిలో అయితే 70కే ఒకటి అయిపోతుంది.

సిమ్ ఏర్పాటు దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పాత సిమ్ తీసి కీప్యాడ్‌లో వేసేస్తారు. దాంతో యూపీఐ యాప్ మొరాయిస్తుంది, బ్యాంకులో రిజిస్టరైన సిమ్ అదే ఫోన్‌లో ఉండాలని అది అడుగుతుంది కాబట్టి. వాట్సాప్ లాంటి యాప్‌లు కూడా సిమ్ ఉన్న ఫోన్‌లోనే నడవాలని, వెబ్ లాగిన్లు ఆరు గంటలకోసారి బయటికి పంపాలని 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. కాబట్టి పాత సిమ్‌ను కదపొద్దు. అది స్మార్ట్‌ఫోన్‌లోనే ఉండి, ఆ ఫోన్ రూములో ఉండాలి. కీప్యాడ్‌కి కొత్త సిమ్ తీసుకుని, పాత నంబరుకు వచ్చే కాల్స్‌ను దానికి ఫార్వర్డ్ చేయండి. స్టార్ 401 హాష్ కొట్టి ఫార్వర్డ్ చేసే పద్ధతిని మోసాల కారణంగా 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించారు. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్‌లోకి వెళ్ళి పెట్టుకోవాలి. కాల్స్ మాత్రమే వస్తాయి, ఎస్ఎంఎస్‌లు రావు. అంటే ఓటీపీ పనులన్నీ రూములోనే, సాయంత్రమే. ఆన్‌లైన్‌లో బట్టలూ బూట్లూ కొనే చేతికి కూడా ఇది కొంత అడ్డుకట్ట.

ఖర్చు భయపెట్టేంత ఉండదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక 2025 జనవరిలో కంపెనీలు డేటా లేని ప్యాకులు తెచ్చాయి. ఆ నెలలోనే సవరించిన ధరల్లో 84 రోజులకు ఎయిర్‌టెల్‌లో 469 రూపాయలకు అపరిమిత కాల్స్, 900 ఎస్ఎంఎస్‌లు. జియోలో 448కి అపరిమిత కాల్స్, 1,000 ఎస్ఎంఎస్‌లు. పీజీలో వైఫై ఉంటే రెండు సిమ్ములకూ ఇవే చాలు, ఆ ధరల్లో మొత్తం వెయ్యి లోపే. డేటా లేని ప్యాకులో ఇంకో మేలుంది. ఎప్పుడైనా మనసాగక స్మార్ట్‌ఫోన్ జేబులో వేసుకుని బయల్దేరినా, వైఫై దాటాక అది ఉత్త ఫోనే.

డబ్బు చెల్లింపు దగ్గర కీప్యాడ్ ఫోన్‌కి మేం తక్కువ మార్కులే వేస్తాం. నోకియా, హెచ్ఎండీ సెట్లలో యూపీఐ 123పే, అంటే ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపే పద్ధతి, ఉందని పెట్టె మీద రాస్తారు. రిజర్వ్ బ్యాంక్ దాన్ని 2022 మార్చిలో మొదలుపెట్టింది, ఒక్కో చెల్లింపుకు పరిమితిని తర్వాత 5,000 నుంచి 10,000కి పెంచింది. అది పనిచేయాలంటే ఆ సిమ్ నంబరు బ్యాంకులో నమోదై ఉండాలి, కొత్త సిమ్‌కి ఆ లంకె ఉండదు. ఒకవేళ ఉన్నా, మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో వెనక పదిమంది నిలబడి ఉండగా కాల్ చేసి, అంకెలు నొక్కి, పిన్ కొట్టి డబ్బు పంపడం జరిగే పని కాదు. షాపు క్యూఆర్‌కి కాకుండా ఓనరు నంబరుకి పంపితే సౌండ్ బాక్సూ మోగదు, మెసేజ్ చూపించి ఒప్పించాలి. నోట్లు ఉంచుకోవడమే మేలు. వారానికోసారి ఏటీఎంలో తీసి, కౌంటర్ దగ్గర వందలు, యాభైలు, పదులుగా మార్చుకోండి. సిటీ బస్సు (బీఎంటీసీ) కండక్టర్‌కి ఐదొందల నోటు ఇస్తే చిల్లర కోసం దిగేదాకా వెంటపడాలి. డెబిట్ కార్డు ఒకటి పర్సులో ఉంటే పెద్ద ఖర్చులకు సరిపోతుంది.

తిరగడానికి బెంగళూరులో పెద్ద కష్టం లేదు. నమ్మ మెట్రో స్మార్ట్ కార్డు కౌంటర్లో దొరుకుతుంది, ఛార్జీలో 5 శాతం తగ్గింపు కూడా ఉంది, క్యూఆర్ టికెట్టుతో పనిలేదు. ఆటో మాత్రం ఇబ్బందే. యాప్ లేకుండా బేరం ఆడాలి, కన్నడం రాని పిల్లలకు అది నచ్చదు. రాత్రిపూట ఒంటరిగా ప్రయాణం ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ రోజుకి స్మార్ట్‌ఫోన్ డేటాతో సహా తీసుకెళ్ళాల్సిందే. ఇందులో పట్టుదలలకు తావు లేదు. మ్యాప్ కోసమైతే బయల్దేరే ముందు ల్యాప్‌టాప్‌లో చూసి, బస్సు నంబరు, దిగాల్సిన స్టాపు, పక్కనున్న గుర్తు కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.

క్లాస్ గ్రూపు సంగతి ల్యాప్‌టాప్ మీదకు మార్చండి. వాట్సాప్‌ను లింక్డ్ డివైసెస్‌లోంచి కలుపుకుని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోజనమయ్యాక ఒకసారి చూడండి. గ్రూపులన్నీ మ్యూట్ చేసి, సెక్షన్ గ్రూపునీ ఇంటి గ్రూపునీ పైన పిన్ చేస్తే వెతుక్కునే పని ఉండదు. సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్‌కి) కొత్త నంబరు ఇచ్చి, క్లాసు రద్దయినా గది మారినా ఒక్క ఎస్ఎంఎస్ పెట్టమని అడగండి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. క్లబ్బు ఆడిషన్లు, ఫెస్టు రిజిస్ట్రేషన్లు ఇన్‌స్టా పేజీలోనే పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి, లాగిన్ లేకుండా ఆ పేజీ కొద్దిగానే కనిపిస్తుంది. ఆ నష్టం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పం. క్లబ్బులో ఉన్న ఒక స్నేహితుడి ద్వారా తెలుసుకోవడం తప్ప మార్గం లేదు. ప్లేస్‌మెంట్ సెమిస్టర్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఇదంతా అప్పుడే మొదలుపెట్టకండి. గూగుల్ ఫారం రెండు గంటల గడువుతో వచ్చే రోజుల్లో ఫోన్ దగ్గరే ఉండాలి. వాళ్ళకు ఫోకస్ మోడ్, యూట్యూబ్ హిస్టరీ ఆపడం చాలు.

ల్యాప్‌టాప్‌ను అలాగే వదిలేస్తే రీల్స్ అందులోకి కాపురం మారుస్తాయి. బ్రౌజర్‌కి తగిలించుకునే లీచ్‌బ్లాక్ అనే ఎక్స్‌టెన్షన్‌లో ఇన్‌స్టా, ఫేస్‌బుక్, ఎక్స్ సైట్లు పెట్టి రోజుకి ఇన్ని నిమిషాలని కట్టడి చేయొచ్చు. అన్‌హుక్ అనేది యూట్యూబ్ పక్కన వచ్చే సిఫార్సులను, షార్ట్స్‌ను కనపడకుండా చేస్తుంది. రెండూ ఉచితం.

మొదటి వారం ఎలా ఉంటుందో తెలిసుండాలి. లిఫ్ట్ కోసం ఆగినప్పుడు, మెస్ లైనులో, ప్రొఫెసర్ రావడానికి ముందు ఐదు నిమిషాల్లో చెయ్యి జేబులోకి పోతుంది. కీప్యాడ్ తీసి, బటన్ నొక్కి, ఏమీ లేక మళ్ళీ పెట్టేస్తారు. ఇది సహజం, కొన్ని రోజుల్లో సద్దుకుంటుంది. స్నాప్‌చాట్ స్ట్రీక్ ఉన్నవాళ్ళకు ఇంకాస్త కష్టం. ఇరవైనాలుగు గంటల్లో ఇద్దరూ స్నాప్ పంపుకోకపోతే ఏళ్ళ తరబడి పెంచిన అంకె సున్నా అవుతుంది, పోయేముందు ఇసుక గడియారం బొమ్మ చూపించి మరీ తొందరపెడుతుంది. అటువైపు స్నేహితురాలికి ముందే ఫోన్ చేసి చెప్పండి. చెప్పకుండా తెగిపోతే ఆమె దాన్ని అలకగా తీసుకుంటుంది. అలారం కోసం స్మార్ట్‌ఫోన్ దిండు పక్కన పెట్టుకోవడం మానాలి, కీప్యాడ్‌లో అలారం బాగానే మోగుతుంది.

ఖాళీ అయిన సమయం తనంతట తాను మంచి పనులతో నిండదు. శనివారం ఉదయం కబ్బన్ పార్కులో కబ్బన్ రీడ్స్ వాళ్ళు చెట్ల కింద కూర్చుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, కొత్తవాళ్ళకు ఇబ్బంది ఉండదు. అదే పార్కులో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఇది ఒక్కరే చేస్తే కష్టం, రూమంతా చేస్తే తేలిక. ఆర్థికవేత్త లియొనార్డో బర్స్‌టిన్ బృందం అమెరికా కాలేజీ విద్యార్థులను అడిగి 2023లో వెలువరించిన పరిశోధనలో, నాలుగు వారాలు ఇన్‌స్టా వదలడానికి సగటున 47 డాలర్లు, టిక్‌టాక్ వదలడానికి 59 డాలర్లు ఇవ్వమన్నారు. కాలేజీలో అందరూ ఒకేసారి వదిలేస్తామంటే మాత్రం, ఎదురు తామే ఇన్‌స్టాకి 10, టిక్‌టాక్‌కి 28 డాలర్లు ఇస్తామన్నారు. అంటే యాప్ మీద ప్రేమకన్నా, అందరూ అక్కడుంటే మనమొక్కరమే బయట మిగులుతామన్న భయం పెద్దది. త్రీ షేరింగ్ రూములో ముగ్గురూ ఒకేరోజు మొదలుపెట్టి, మూడు ఫోన్లూ రాత్రి పదింటికి ఒకే అలమారలో పెట్టి, తాళంచెవి వంతులవారీగా ఉంచుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది. రీల్ చూపించి నవ్వించేవాళ్ళు పక్క మంచం మీద ఉండరు కదా. పూర్తిగా మానాల్సిన పనీ లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టా, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి 10 నిమిషాలకు కుదించుకున్నవాళ్ళకు మూడు వారాల్లో ఒంటరితనం, దిగులు తగ్గాయి. అరగంట కోటా ఉంచుకుని అలమార తెరవడం తప్పేం కాదు.

ఇవేవీ పట్టని స్థాయిలో ఉన్నవాళ్ళూ ఉంటారు. అటెండెన్స్ పడిపోయి, నిద్ర తలకిందులై, ఇంట్లో అబద్ధాలు చెప్పాల్సివస్తూ, ఫోన్ తీసుకుంటే కోపం ఆగని పరిస్థితి ఉంటే కీప్యాడ్ ఫోన్ దానికి మందు కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ 2014 నుంచి ఇందుకోసమే నడుస్తోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంటికి కొత్త నంబరు మొదటిరోజే ఇవ్వండి. రోజూ వీడియోలో ముఖం చూసే అలవాటున్న అమ్మకు, ఇకనుంచి ఫోన్ మామూలు కాల్, వీడియో ఆదివారం ల్యాప్‌టాప్‌లో అని ముందే చెబితే కంగారుపడదు. ఈ ఏర్పాటు ఎక్కువగా తెగిపోయేది దసరా, సంక్రాంతి సెలవుల్లో. రూమ్మేట్లు ఉండరు, అలమార ఉండదు, కజిన్లందరి చేతుల్లోనూ ఫోన్లే. స్మార్ట్‌ఫోన్ ఊరికి తీసుకెళ్ళక తప్పకపోతే ఇన్‌స్టా, స్నాప్‌చాట్ యాప్‌లు బెంగళూరులోనే తీసేసి బయల్దేరండి. ఛార్జింగ్ నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. తిరిగొచ్చిన రాత్రే ముగ్గురూ మళ్ళీ అలమార తాళం వేయకపోతే, ఆ సెమిస్టర్‌లో ఇంక వేయడం కుదరదు.